కప్పు లేని ఇల్లు

నా చిన్నప్పుడు లెక్కలకు ఒక వాసన ఉండేది. ఊదారంగు సిరా, గడ్డకట్టిన జిగురు కలిసిన వాసన. మొయినాబాద్ దాటి చేవెళ్లకు పోయే తోవలో, రోడ్డుకు కాస్త లోపలగా మా ఊరు. ఊళ్లో చర్చివాళ్లు నడిపే, ఒకటే గది ఉన్న మిషన్ బడి. ఐదు తరగతులకూ కలిపి ఒక్కతే టీచరమ్మ. ఆమె ముందు నూట యాభై మంది పిల్లలం కిక్కిరిసి కూర్చునేవాళ్లం. నూట యాభై అనేది నా నోటి వాపు. ముప్పై మందిమి ఉండేవాళ్లమేమో. ముందే చెప్పేస్తున్నాను, ఏ సంగతైనా నా నోట్లో పడితే పాలలా పొంగుతుంది. ఈ ఒక్క కథను మాత్రం పొంగినచోటల్లా దించుకుంటూ చెప్పాలని కూర్చున్నాను.

టీచరమ్మ లెక్కలను నల్లబల్ల మీద కన్నా నేల మీదే ఎక్కువ చెప్పేది. తొమ్మిది గళ్లు గీసి, ఒకటి నుంచి తొమ్మిది దాకా చింతగింజల కుప్పలు వాటిలో సర్దమనేది. నిలువుగా లెక్కపెట్టినా, అడ్డంగా లెక్కపెట్టినా, మూల నుంచి మూలకు లెక్కపెట్టినా పదిహేనే రావాలి. ఇంకోరోజు మనసులో ఒక అంకె అనుకోమనేది. రెట్టింపు చెయ్యి, పది కలుపు, అందులో సగం చెయ్యి, మొదట అనుకున్నది తీసెయ్యి అని చెప్పి, మేం నోరు తెరవకముందే "ఐదు" అనేది. అందరి బుర్రల్లోకీ ఒకేసారి దూరగలిగే ఆ మనిషంటే నాకు ఇష్టం, లోపల్లోపల భయం. ఆమె దగ్గర ఏదో ఉన్నదని మా అవ్వతో చెప్పాను. "ఆమె తాన సదువున్నది బిడ్డా. నీ తాన లేనిది గదే" అన్నది అవ్వ.

శనివారం ఊదా కాగితాల రోజు. ఇప్పటి జిరాక్సు మిషన్లు అప్పుడు లేవు. టీచరమ్మ ఒక రేకు పళ్లెంలో జిగురు కాచి పోసి గడ్డకట్టించేది. ఊదా సిరాతో ఒక కాగితం మీద అంకెల చిక్కో, చుక్కల బొమ్మో గీసి, దాన్ని జిగురు మీద బోర్లా పరిచి, అరచేత్తో నిమిరి, మెల్లగా లేపేది. గీతలు జిగురులో దిగి ఉండేవి. ఆపైన తెల్లకాగితాలు ఒక్కొక్కటే పరిచి లేపుతుంటే బొమ్మ ప్రతిదానికీ అంటుకుని వచ్చేది. మొదటివి ముదురుగా, పోనుపోను లేతగా, చివరివి ఊపిరి తగిలితే చెరిగిపోతాయేమో అన్నట్టు వచ్చేవి. ఆ కాగితం చేతికొచ్చిన రోజు మాలో ఎవరూ లెక్కలంటే ఏడవలేదు. అది లెక్క అని మాకు తెలిస్తే కదా.

మా పక్కింటి అక్కది ఐదో తరగతి, నాది నాలుగు. ఆ కాగితాలు అందరికన్నా ముందు పూర్తిచేసేది ఎప్పుడూ ఆమే. చేసి ఊరుకునేది కాదు. వెనకవైపు తనే ఒక కొత్త చిక్కు గీసి టీచరమ్మకు తిరిగి ఇచ్చేది. టీచరమ్మ దాన్ని చూసి, కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ చూసేది. అది చూసినప్పుడల్లా నేను నా కాగితం బోర్లా పెట్టేసేవాణ్ని. నేను కూడా అట్లా కొత్త చిక్కులు గీసేవాణ్నని మా మనవరాలికి చెప్పుకున్నాను. గీయలేదు. ఒకటి గీశాను, దానికి జవాబు నాకే తెలియదు.

ఆ ఏడు చలి తగ్గే రోజుల్లో అక్కకు జ్వరం పట్టుకుంది. దవాఖానలో టైఫాయిడ్ అన్నారు. నెలకు పైగా మంచం మీదే. జుట్టు ఊడిపోతుంటే వాళ్లమ్మ మొత్తం కత్తిరించేసింది. వాళ్లింటికీ మా ఇంటికీ మధ్య ఒకటే మట్టిగోడ. గోడకు అవతల ఆమె మంచం, ఇవతల నా చాప. టీచరమ్మ ప్రతి శనివారం ముదురుగా వచ్చిన కాగితం ఒకటి ఏరి, మడిచి, అక్కకు ఇవ్వమని నా జేబులో పెట్టేది. సోమవారానికల్లా అది పూర్తయి నా చేతికి తిరిగి వచ్చేది. జ్వరంలో గీసిన గీతలు వంకరగా ఉండేవి కాని జవాబు ఏనాడూ తప్పలేదు.

వాళ్ల నాన్నను మేం పెద్దబాపు అనేవాళ్లం. చుట్టరికం ఏమీ లేదు, పక్కిల్లు కాబట్టి. కూరగాయల తోట ఉండేది. మనసున్న మనిషి. ఆయన తమ్ముడొకడికి చిన్నతనంలో ఇలాంటి జ్వరమే వచ్చి, తగ్గిన తర్వాత మాట తడబడి, సొంత ఇంటి తోవ మరిచిపోయి, పశువుల వెంట తిరుగుతూ ఉండిపోయాడట. జ్వరం తలకెక్కితే దిగేటప్పుడు తెలివిని వెంట తీసుకుపోతుందని పెద్దబాపు గట్టిగా నమ్మాడు. అక్కను వచ్చే ఏడు చేవెళ్ల పెద్దబడిలో చేర్చమని టీచరమ్మ అడిగినప్పుడు ఆయన భయమంతా బయటపడింది.

"బడ్లె ఎయ్యనని కాదు టీచరమ్మా. తలకాయ నిమ్మళంగున్నదో లేదో సూసుకోవాలె గద. బస్సెక్కి పోయి తొవ్వ మరిస్తే నేనేడ దేవులాడాలె?"

టీచరమ్మ ఒక ఒప్పందం పెట్టింది. "నేను పంపే కాగితాలు చేస్తున్నది గద. అవి చేసినన్ని దినాలు ఆమె తలకాయకు ఏం ఫికర్ లేదు. మీరు బడికి పంపాలె. సరేనా?"

ఆయన సరే అన్నాడు. ఆ క్షణం నుంచి ఊదా కాగితం ఆటవస్తువు కాకుండా పోయింది. అక్క చదువు దాని మీద నిలబడింది. ఆ మాట విన్నప్పుడు నేను అక్కడే, గడప మీద కూర్చుని ఉన్నాను. తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు.

ఆ వారం వచ్చింది ఇల్లు బొమ్మ. ఒక చతురస్రం, లోపల మూల నుంచి మూలకు రెండు అడ్డగీతలు, పైన చర్చికి ఉన్నట్టు కోసుగా కప్పు. చేయి ఎత్తకూడదు, గీసిన గీత మీద మళ్లీ పోకూడదు, బొమ్మ మొత్తం ఒకే బిగిన గీయాలి. బడిలో అందరూ కిందామీదా పడుతుంటే నేను ఒక్క నిమిషంలో చేసేశాను. దించుతున్నాను. చాలాసేపు తంటాలు పడి, ముందు వరస పిల్ల పలక మీదికి తొంగిచూసి, ఆ పిల్ల చేయి ఎటు తిరిగితే నా చేయి అటు తిప్పాను, బొమ్మను బొమ్మగా చూడనేలేదు.

అక్క కాగితం జేబులో పెట్టుకుని ఇంటికి పోతూ తోవలో బావి దగ్గర ఆగాను. ఊదా గీతలు తడిస్తే నీళ్లకు రంగు దిగుతుంది. సీసాడు సిరా తయారుచేసి స్నేహితుల ముందు గొప్పలు పోవాలనిపించింది. కాగితాన్ని సీసాలో కుక్కి ఊపాను. నీళ్లు నేరేడు పండు రంగుకు తిరిగాయి. కాగితం బయటికి తీస్తే తెల్లగా ఉన్నది, బొమ్మ లేదు. నేనేమీ కంగారుపడలేదు. ఇల్లు బొమ్మే కదా. నోటుపుస్తకంలో ఒక పేజీ చింపి, నేనే గీసి అక్కకు ఇచ్చాను.

అప్పట్లో మా దిక్కు ఇండ్లన్నీ మట్టి మిద్దెలు. పైన చదును, దాని మీద మిరపకాయలు ఎండబెట్టుకునేవాళ్లం. కోసు కప్పు ఉన్నది చర్చికి ఒక్కదానికే, దాన్ని ఎవరూ ఇల్లు అనరు. ఇల్లు అనగానే నా చేయి పెట్టె గీసింది. చతురస్రం గీశాను, లోపల రెండు అడ్డగీతలు వేశాను, ఇల్లు అయిపోయింది. దాని మీద ఇంకేదో ఉండాలన్న ఊహే నాకు రాలేదు.

"గింతేనా?" అన్నది అక్క, కాగితం అటూ ఇటూ తిప్పి. "నీకొచ్చిందారా?"

"ఒక్క నిమిషంల" అన్నాను.

ఆ మధ్యాహ్నం నుంచి గోడ అవతల బొగ్గుముక్క గీరిన చప్పుడు మొదలైంది. మంచం మీద పడుకునే, సున్నం వేసిన గోడ మీద గీసేది. నేను ఇవతల చాప మీద పడుకుని వినేవాణ్ని. ఒక గీత. రెండు. మూడు. నాలుగు. ఐదు. ఆ తర్వాత నిశ్శబ్దం. మళ్లీ మొదటి నుంచి, ఐదు గీతలు, నిశ్శబ్దం. ఆరో గీత ఏనాడూ వినపడలేదు.

సోమవారం బడిలో పక్కవాడి కాగితం కంటపడింది. ఇంటి మీద కోసు ఉన్నది. అక్కకు నేను గీసి ఇచ్చినదానికి అది లేదు. ఆ రోజే ఇంటికి పరుగెత్తి అక్కకు చెప్పేశానని చాలామందికి చెప్పాను. చెప్పలేదు. చెబితే సీసా సంగతి చెప్పాలి, నిమిషం సంగతి చెప్పాలి. అక్క కాగితం ఏదని టీచరమ్మ అడిగితే, ఇంకా చేస్తున్నదన్నాను. తర్వాతి శనివారం ఇంకో కాగితం పట్టుకుపోతే అక్క ముట్టుకోలేదు. ఇది కానిదే ఇంకోటి చూడనన్నది. జ్వరం అప్పటికి దిగిపోయింది, కళ్లు మాత్రం లోపలికి పోయి ఉన్నాయి. గోడ నిండా పెట్టెలు. చిన్నవీ పెద్దవీ, ఒకదాని మీద ఒకటి, అన్నిటికీ ఒక్కో గీత తక్కువ.

"ఒరేయ్, నిజంగ చేసినవా?"

"ఒట్టు."

"మరి ఒక్కొక్క మూలకాడ మూడు గీతలున్నయి. ఒకదాన్ల పోతం, ఇంకోదాన్ల బయటికొస్తం. మూడోదాన్ల పోతె మళ్ల రానీకె తొవ్వ లేదు. ఏ మూల జూసినా గట్లనే ఉన్నది. ఇది రాదేమోరా."

పదకొండేళ్ల పిల్ల, తల నిండా వెంట్రుకలు లేని పిల్ల, ఎవరూ నేర్పకుండా ఆ మాట అన్నది. దానికి నేను నవ్వి, "రానోళ్లే గట్లంటరు అక్కా" అన్నాను.

ఆమె మళ్లీ బొగ్గు తీసుకుంది.

పెద్దబాపు ఆ గోడను రోజూ చూస్తూనే ఉన్నాడు. ఒక సాయంత్రం గోడ అవతల ఆయన గొంతు వినిపించింది. కోపం లేదు అందులో, అదే భరించలేకపోయాను. "ఆ పోరడు నిమిషంల చేసిండంట బిడ్డా. నీకు పదిహేను దినాలాయె. ఇగ సాలు. నిమ్మళంగుండు. తోటకాడ నా పక్కన కూసుందువు." అక్క ఏడ్చిన చప్పుడు రాలేదు. బొగ్గు చప్పుడూ రాలేదు.

మర్నాడు ఆయన బడికి వచ్చి, బిడ్డను చేవెళ్లకు పంపనని టీచరమ్మతో చెప్పి పోయాడు. ఆ సాయంత్రమే టీచరమ్మ వాళ్లింటికి వెళ్లింది. గోడ ముందు చాలాసేపు నిలబడిందట. ఆ పెట్టెల్లో ఒకదాన్ని కాగితం మీద గీసుకుని తిరిగి వచ్చేసింది.

తెల్లవారి బడిలో నల్లబల్ల మీద కప్పు లేని పెట్టె ఒకటి గీసి ఉన్నది. దాన్ని ఒకే బిగిన గీసినవాళ్లకు ఈ శనివారం జిగురు పళ్లెం అప్పగిస్తానన్నది టీచరమ్మ. ఆ పళ్లెం మీద చేయి వేయాలని మా అందరికీ కల. అందరూ పలకలు అరగదీశారు. ఒక్కరికీ రాలేదు. ఇంతకుముందు ఎవరికైనా ఇది వచ్చిందా అని అడిగింది, నా వైపు చూడకుండా. నా నోరు అప్పుడూ నా చెప్పుచేతల్లో లేదు. "నాకొచ్చింది టీచర్. ఒక్క నిమిషంల."

"అయితే రా" అని సుద్దముక్క నా చేతిలో పెట్టింది.

గీశాను, తుడిచాను, గీశాను. ప్రతిసారీ ఐదు గీతలే, ఆరోది మిగిలిపోతున్నది. మొదట పిల్లలు నవ్వారు. "నిమిషమైందిరో!" అని వెనక నుంచి ఒకడు అరిచాడు. తర్వాత నవ్వులు ఆగిపోయాయి. టీచరమ్మ తిట్టలేదు, కూర్చోమనలేదు, పలకలు దిద్దుకుంటూ ఉండిపోయింది. పగటి అన్నం వేళకు అందరూ ఇండ్లకు పోయారు. గదిలో ఆమే, నేనే. సుద్ద నా చేతిలో అరిగి గోరంత అయింది. చివరికి "రాదు టీచర్" అన్నాను.

ఆమె తల ఎత్తింది. "నీకు రాదా, అసలు రానే రాదా?"

ఆ రెండు మాటలకూ తేడా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. అక్కను ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. నేను గోడకు ఆనుకుని కూలబడి, సీసా సంగతి, మిద్దె సంగతి, నిమిషం సంగతి, అక్క మూలల గురించి చెప్పిన మాట, నేను నవ్విన నవ్వు, అన్నీ చెప్పేశాను. మూడేసి గీతలు కలిసే మూలలు రెండే ఉంటే, ఒకదాంట్లో మొదలుపెట్టి ఇంకోదాంట్లో ఆపొచ్చనీ, నాలుగు ఉంటే భూమ్మీద ఎవరివల్లా కాదనీ ఆమె మెల్లగా చెప్పింది. కప్పు వేస్తే పై మూలలకు నాలుగో గీత వస్తుంది, అందుకే ఇల్లు వస్తుంది, పెట్టె రాదు. "ఊరంత తప్పు చేసింది. సరిగ్గ చెప్పింది ఆ బిడ్డ ఒక్కతే" అన్నది.

అక్కడి నుంచి నన్ను చేయి పట్టుకుని వాళ్లింటికి తీసుకుపోయింది. పెద్దబాపు ముందు నా నోటితోనే అంతా చెప్పించింది. ఆయన నన్ను కొట్టలేదు. కాసేపు గోడ వైపు చూసి, తలపాగా కొసతో కళ్లు ఒత్తుకుని, "తీసుకపో టీచరమ్మా, నీ ఇష్టం" అన్నాడు. అక్క ఆ జూన్‌లో చేవెళ్లకు పోయింది, తర్వాత పట్నం పోయింది, పెద్ద పెద్ద చదువులు చదివి కాలేజీలో లెక్కలు చెప్పింది.

నలభై ఏళ్లుగా ఈ కథను ఇక్కడే, ఇలాగే ముగిస్తున్నాను. పిల్లలు చప్పట్లు కొడతారు. ఇదే నేను పొంగించిన వాటిలోకెల్లా పెద్దది. ఇప్పుడు దించుతున్నాను. పెద్దబాపు సరే అన్నదాకా నిజం.

టీచరమ్మ కోసు కప్పున్న అసలు కాగితం అక్క ముందు పెట్టింది, పెన్సిలు చేతికి ఇచ్చింది. అక్క ఆ బొమ్మను చూసింది. వేలితో ఒక్క మూలను తాకింది. కింది మూల, సరిగ్గా మొదలుపెట్టాల్సిన మూల. తర్వాత పెన్సిలు తిరిగి ఇచ్చేసింది. "నాకు రాదు టీచర్" అన్నది. టీచరమ్మ బతిమాలింది, వాళ్లమ్మ బతిమాలింది, నేనూ కాళ్లు పట్టుకున్నాను. ఆ సెలవులంతా టీచరమ్మ వస్తూనే ఉన్నది. అక్క బడి మొహం మళ్లీ చూడలేదు. తోటలో పని చేసింది, షాబాద్ వైపు ఇంట్లో కోడలైంది. చేవెళ్ల పెద్దబడికి మరుసటి ఏడు నేను పోయాను. చివరికి లెక్కల సారును అయ్యాను.

ఎప్పుడైనా పెండ్లిలోనో చావు ఇంట్లోనో కలిస్తే అక్క నవ్వేది. "ఏందిరా లెక్కల సారూ, ఇంక నిమిషంలనే చేస్తున్నవా?" అనేది. అందులో విషం లేదు, అయినా నాకు రెండు రోజులు అన్నం దిగేది కాదు. ఒకసారి మొయినాబాద్ బస్టాండులో ఇద్దరమే ఉన్నప్పుడు ధైర్యం చేసి అడిగాను, ఆ రోజు పెన్సిలు ఎందుకు పట్టలేదని. బస్సు వచ్చేదాకా చేతిసంచీ సర్దుకుంటూ కూర్చుంది. ఎక్కబోతూ చెప్పింది. "భయమైందిరా. వస్తే, అన్ని దినాలు నేను ఉత్తగనే ఏడ్చినట్టు. రాకుంటే, బాపు మాట నిజమైనట్టు. రెండిట్ల ఏదైనా నాకు తక్లీఫే గద."

అక్క పోయి కొన్నేళ్లయింది. వాళ్ల పాత ఇల్లు రోడ్డు వెడల్పులో పోయింది. సున్నం ఎన్నిసార్లు వేసినా వానాకాలం గోడ చెమ్మగిల్లితే ఆ పెట్టెలు మళ్లీ లేచేవని వాళ్లమ్మ చెప్పేది. ఇల్లు కూలగొట్టే రోజు నేను పోలేదు. ఇప్పుడు మొయినాబాద్ నుంచి చేవెళ్ల దాకా ఫామ్‌హౌస్‌ల ఇనుప గేట్లే. ప్రతి గేటుకూ చతురస్రం, మధ్యలో మూల నుంచి మూలకు రెండు కమ్మీలు. బస్సు కిటికీలోంచి చూస్తుంటే నా వేలు నాకు తెలియకుండానే మోకాలి మీద కదులుతుంది. ఐదు గీతల దగ్గర ఆగిపోతుంది. పక్కన కూర్చున్నవాళ్లు ఏమిటి తాతా అంటే, లెక్కలు మర్చిపోకుండా చూసుకుంటున్నానంటాను.

రిటైరయ్యాక శనివారాలు మా ఇంటి వరండాలో పిల్లల్ని కూర్చోబెట్టుకుంటున్నాను. ఊరి పిల్లలూ, కొత్త విల్లాల పిల్లలూ కలిసి పాతిక మంది. పన్నెండు మంది. మా మనవరాలు నెట్‌లో చిక్కులు వెతికి పెడుతుంది, చేవెళ్లలో ప్రింట్లు తీయిస్తాం. ఒక్క కాగితం కూడా నేను పెన్సిలుతో ముందు చేసి చూడందే పిల్లల చేతికి పోదు. ఏది ఇచ్చేటప్పుడూ "సులువే" అనను. ప్రింట్ల మధ్యలో ఎప్పుడూ ఒకటి, అసలు రానే రానిది, కలిపి పెడతాను. అది ఏదో మనవరాలికి కూడా చెప్పను.

ఏదో ఒక శనివారం ఏదో ఒక బిడ్డ పెన్సిలు కింద పెట్టి, భయంభయంగా "తాతా, ఇది రాదేమో" అంటుంది. తీసుకుపోవడానికి వచ్చిన తల్లో తండ్రో, ట్రై చెయ్ కన్నా, ఈజీనే అని అందుకోబోతే, వాళ్లను చేతి సైగతో ఆపుతాను. ఈ మోకాళ్లతోనే నేల మీద ఆ బిడ్డ పక్కన కూలబడి, ఎందుకు రాదో చెప్పమంటాను. చెప్పడానికి కొందరికి ఐదు నిమిషాలు పడుతుంది, కొందరికి అరగంట. తడబడతారు, వెనక్కి పోతారు, మళ్లీ మొదలుపెడతారు. జవాబు నాకు తెలుసు. ఆ బిడ్డ చెప్పడం అయ్యేదాకా నోరు మూసుకుని కూర్చుంటాను. నా జన్మలో నేను నోరు మూసుకుని ఉండేది ఆ కాసేపే.